నూకరత్నం కడుపులో నేను

నేను ఒక ఆర్టరీని, స్టీలు పట్టుకారుని. ఆపరేషన్ గదిలో నన్ను అలాగే పిలుస్తారు. చూడడానికి కత్తెరలా ఉంటాను, కానీ కొయ్యను. తెగిన రక్తనాళాన్ని మూతితో కరిచి పట్టుకుని నెత్తురు ఆపుతాను. వదలమనేదాకా వదలను. నా బతుకులో నేను నేర్చిన పని అదొక్కటే. చాలామంది మనుషులకు అదీ రాదు.

ఎక్కడో ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఎర్రగా కాల్చారు, సుత్తితో కొట్టారు, మూతికి సన్నని పళ్లు కోశారు. పళ్లు కోసిన ముసలాయన నన్ను వెలుతురుకు ఎత్తిపట్టి, పళ్లు సరిగ్గా కలిశాయో లేదో చూసుకుని గుడ్డలో చుట్టాడు. నేను ఎవరి కడుపులోకి వెళ్తానో ఆయనకు తెలియదు. అయినా చూసుకున్నాడు.

అక్కడి నుంచి సముద్రం దగ్గరి ఒక చిన్న ఊరి సర్కారు ఆసుపత్రికి వచ్చాను. మొదట నన్ను వాడిన డాక్టరు పొట్టివాడు. పీట ఎక్కి ఆపరేషన్ చేసేవాడు. కడుపు కుట్టే ముందు చేతులు రెండూ గుండెకు ఆనించుకుని, “ఎస్తేరమ్మా, పిల్లలంతా ఇంటికొచ్చారా?” అని అడిగేవాడు. పిల్లలంటే మేమే. సిస్టర్ ఎస్తేరు మమ్మల్ని ఒక్కొక్కరినీ తాకి చూసి, “వచ్చారు సార్” అంటేనే సూదికోసం చెయ్యి చాపేవాడు.

ఆయన రిటైరయ్యాక డాక్టర్ చక్రపాణి వచ్చాడు. జీతం ఇక్కడ, మనసు బస్టాండు ఎదుటి సొంత నర్సింగ్ హోములో. ఆపరేషన్ మధ్యలో ఫోను మోగితే ఎవరో ఒకరు ఆయన చెవికి పట్టి నిలబడాలి. చేతుల్లో ఒకరి కడుపు, చెవిలో ఇంకొకరి కడుపు. కోపమొస్తే అందినది విసిరేవాడు. ఒకసారి నన్నే విసిరాడు. కొత్తగా చేరిన సిస్టరు చెంప చీరుకుపోయింది. ఆ పిల్ల ఫిర్యాదు చేసింది. బదిలీ ఆ పిల్లకే అయింది. అదే వారంలో ఊరి పెద్దలు ఆయనకు శాలువా కప్పారు.

ఇక నూకరత్నం సంగతి. జీడిపిక్కలు కొట్టే కూలి మనిషి. ఆమెకు గర్భసంచి తీయాలన్నారు. నడుములో మత్తు ఇచ్చారు. నడుము కింద స్పర్శ లేదు, పైన అంతా మెలకువే. ముఖానికి అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల కళ్లు తెరుచుకుని పడుకుంది.

డాక్టరు లోతున ఒక నాళాన్ని నాచేత పట్టించాడు. అప్పుడే ఫోను మోగింది. “వచ్చేస్తున్నా, ఆవిణ్ని టేబులెక్కించండి” అన్నాడు. నా కిందుగా గబగబా ముడి వేశాడు. నన్ను విడిపించడం మరిచాడు. పేగులు జారి వచ్చి నన్ను కప్పేశాయి.

“సార్, ఒక ఆర్టరీ రాలేదు” అంది ఎస్తేరు.

“కింద పడుంటుంది, చూడు.”

చూశారు. బల్ల కింద లేదు. బకెట్లో లేదు. గుడ్డలన్నీ విప్పి దులిపారు. ఎక్కడా లేదు.

“లోపలే ఉంది సార్. కుట్టకండి.”

“ఏటమ్మా?” గుడ్డ అవతలి నుంచి నూకరత్నం గొంతు. “ఏటి నోపలుంది?”

“ఏం లేదు, పడుకో” అని డాక్టరు కసిరాడు. చూపు తిప్పకుండానే చెయ్యి చాపాడు. చాపిన చేతిలో అడక్కుండానే సూది పడాలి. అది ఆ గది అలవాటు. ఎస్తేరు ఇవ్వలేదు. ఆ చెయ్యి గాలిలో ఖాళీగా నిలబడింది. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను!

కానీ ఆయన సిగ్గుపడే మనిషి కాదు. ట్రేలోంచి తానే సూది లాక్కున్నాడు. మత్తు డాక్టరు అంతా విని, బీపీ మీటరు వైపు తిరిగాడు. కుట్టు మీద కుట్టు పడింది. నాకు వెలుతురు పోయింది.

తర్వాతదంతా చీకట్లోంచే విన్నాను. స్ట్రెచర్ చక్రాలు కదిలాయి. తలుపు తెరుచుకోగానే నూకరత్నం అరిచింది.

“మావా! నా కడుపులో ఏదో ఒగ్గేసినారు మావా! సిస్టరమ్మ వద్దన్నా కుట్టీసినాడు!”

“వార్డుకు కాదు, ఎక్స్‌రేకి పద” అంది ఎస్తేరు. ఆమె మొగుడు పైడిరాజు ఒకవైపు పట్టాడు, ఎస్తేరు ఒకవైపు. స్ట్రెచర్ పరుగెత్తింది. ప్రతి గుంతకీ నేను ఎగిరిపడుతున్నాను. వెనకనుంచి చెప్పుల చప్పుడు. కారెక్కబోయిన చక్రపాణి పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

“ఎవరు రాశారు ఎక్స్‌రే? నీ ఉద్యోగం ఊడుతుంది ఎస్తేరూ!”

“ఊడనివ్వండి సార్. జరగండి.”

“డాట్రుబాబూ, నీకు దణ్ణమెడతాను, తప్పుకో” అన్నాడు పైడిరాజు. “తప్పుకోకపోతే తోసీసి ఎల్తాను.”

దణ్ణం పెట్టాడో లేదో నాకు కనపడలేదు. స్ట్రెచర్ మాత్రం ముందుకు దూసుకుపోయింది.

“డాక్టరు చీటీ ఏదమ్మా?” అన్నాడు ఎక్స్‌రే తీసే అతను.

“చీటీ నేనే. తియ్యి.”

తీశాడు. వెన్నెముక పక్కన రెండు ఉంగరాలతో తెల్లగా మెరుస్తున్నానట. చదువురాని పైడిరాజుకు కూడా ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“కత్తిరి! నా ఆడదాని కడుపులో కత్తిరెట్టీసినార్రా బాబూ!”

“అది దుప్పటి కింద పడుంటుంది” అన్నాడు చక్రపాణి. “పైనుంచి తీస్తే లోపలున్నట్టే కనపడుతుంది.”

“అయితే పక్కనుంచి తీద్దాం సార్” అంది ఎస్తేరు.

ఎస్తేరూ పైడిరాజూ కలిసి నూకరత్నాన్ని మెల్లగా పక్కకు ఒత్తిగిలించారు. రెండో బొమ్మలో దుప్పటి ఒకచోట, నేను ఒకచోట. పొట్టకూ వెన్నుకూ మధ్య దర్జాగా ఉన్నాను. గోల విని వచ్చిన సూపరింటెండెంటు మేడమ్ ఆ బొమ్మ చూసింది.

“చక్రపాణీ, నువ్విక ఈ మనిషిని ముట్టుకోవద్దు” అంది.

వేరే డాక్టరు వచ్చాడు. ఈసారి నూకరత్నానికి పూర్తి మత్తు ఇచ్చారు. కుట్లు విప్పగానే వెలుతురు! పైన ఎస్తేరు కళ్లు. ఆయన నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. నా ఉంగరంలో ఇరుక్కున్న పేగు నల్లబడుతోందని, రేపటిదాకా ఆగితే మనిషి దక్కేది కాదని ఆయనే తర్వాత జరిగిన విచారణలో చెప్పాడు.

విచారణలో మత్తు డాక్టరు తనకేమీ వినపడలేదన్నాడు. నూకరత్నం లేచింది. “నాకినబడింది బాబూ. సిస్టరమ్మ కుట్టొద్దంది. నన్ను కోసిన ఈ బాబు పడుకోమన్నాడు.” చెంప చీరుకుపోయిన పిల్ల కూడా దూరపు ఊరినుంచి వచ్చి, మచ్చ చూపించి వెళ్లింది. చక్రపాణి ఉద్యోగం పోయింది. వైద్యం చేసే హక్కు పోయింది. నర్సింగ్ హోము బోర్డు దింపారు. ఆ గోడమీద ఇప్పుడు సిమెంటు బస్తాల బొమ్మ ఉంది. ఎస్తేరుకు ఎవరూ శాలువా కప్పలేదు. ఆమె అదే గదిలో పని చేస్తోంది.

క్రిమినల్ కేసు ఇంకా నడుస్తోంది. మొన్నటి వాయిదాకు జవాను నన్ను సీలు వేసిన కవరులో తీసుకొచ్చి వరండాలో కూర్చున్నాడు. చక్రపాణి చేతులు జోడించి పైడిరాజు దగ్గరకు వచ్చాడు.

“రాజీ పడదాం పైడిరాజూ. నా పిల్లల మొహం చూడు. ఒక్కమాట విను.”

“సిస్టరమ్మ సెప్పినప్పుడు నువ్విన్నావేటి బాబూ?” అన్నాడు పైడిరాజు. “నానూ ఇనను.”

నూకరత్నం చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.

ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో, ఒక కొడవలికీ విరిగిన సైకిలు గొలుసుకీ మధ్య ఉన్నాను. చెమ్మకు వాటి రంగు మారుతోంది. వాయిదాలు ఎన్ని పడినా పడనీ. నాకు తుప్పు పట్టదు.