దారిలో ఆగిన కారు

లోరీన్ ప్రూయిట్‌కీ వెర్నా కెస్లర్‌కీ రాజకీయాల్లో ఏనాడూ కుదరలేదు. కుదరదు కాబట్టే ఇద్దరికీ ఆ పని దొరికింది. ఒహాయోలో పోలింగ్ ముగిశాక ఓట్ల పెట్టెను కౌంటీ ఆఫీసుకు చేర్చాలంటే ఒక రిపబ్లికనూ ఒక డెమొక్రాటూ ఒకే కారులో వెళ్ళాలి. దారి పొడుగునా ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని ఆ ఏర్పాటు. వీళ్ళిద్దరూ ఆ కన్నేసే పనిని ఇరవై ఏళ్ళుగా మనవల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ కబుర్లాడుకుంటూ కానిచ్చేశారు.

వెర్నా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి కాబట్టి స్టీరింగు ఆమెది. లోరీన్ వెనక సీట్లో పెట్టె పక్కన, దాని మీద చెయ్యేసుకుని కూర్చునేది. ఎవరి పార్టీ ఓడితే వాళ్ళు మర్నాడు పొద్దున డైనర్‌లో రెండోవాళ్ళకు పాన్‌కేకులు తినిపించాలి. ఆ పందెంలో చేతి చమురు వదిలించుకున్నది ఎక్కువసార్లు వెర్నాయే. వదిలినందుకు ఆమె ఎన్నడూ బాధపడలేదు. లోరీన్ గెలిచిన పొద్దున ఎంత తింటుందో చూడటమే ఆమెకు పెద్ద సరదా.

గవర్నర్ ఎన్నికల సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే పోలింగ్ జరిగిన హార్లీ టౌన్‌షిప్ హాలు నుంచి పెట్టెతో బయల్దేరారు. కొంతదూరం పోయాక వెర్నాకు కారులో ఏదో లోటనిపించింది.

"ఏమే, నోరు పడిపోయిందా? మీవాడు ఓడిపోతాడని బెంగా?"

జవాబు లేదు. మామూలుగా అయితే ఆ మాటకు లోరీన్ ఊరు దాకా దులిపేసేది. వెర్నా అద్దంలో చూసింది. నవంబరు చలిలో లోరీన్ మొహం మీద చెమట ధారగా కారుతోంది.

"షుగర్ పడిపోతోందే," అంది లోరీన్. నాలుక తడబడుతోంది. "నా సంచీ హాల్లో ఉండిపోయింది. గ్లూకోజు బిళ్ళలు అందులోనే ఉన్నాయి."

పెట్టెతో వెళ్ళే కారు దారిలో ఆగకూడదు. పెట్టెను ఒక్కరి దగ్గరే వదలకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ రెండు ముక్కలూ నూరిపోసేది వెర్నాయే. అయినా ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెట్రోలు బంకు కనబడగానే కారు పక్కకు తిప్పి, ఆ మోకాళ్ళతోనే లోపలికి పరుగెత్తింది. నారింజ జ్యూసు సీసా, పీనట్ బటర్ బిస్కెట్లు కొని, కాగితం సంచిలో పట్టుకొచ్చింది. వెనక తలుపు తీసి, సీసా మూత విప్పి, కళ్ళు మూసుకుని వాలిపోయిన స్నేహితురాలి తల ఎత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించింది. గడ్డం మీద కారింది తన కోటు చేతితోనే తుడిచింది.

కాసేపటికి లోరీన్ మొహంలోకి నెత్తురు వచ్చింది. వస్తూనే అన్న మొదటి మాట, "క్లింట్‌కి చెప్పకే."

క్లింట్ ఆమె కొడుకు. వేసవిలో తల్లి ఇలాగే షుగర్ తగ్గి వంటింట్లో పడిపోయినప్పుడే కారు తాళాలు ఇచ్చెయ్యమని పట్టుబట్టాడు. పొలాల మధ్య ఒంటరి ఇల్లు ఆమెది. భర్త పోయాక ఆమెకు లోకంతో ఉన్న సంబంధమల్లా ఆ కారే.

"మళ్ళీ ఇలా అయిందని తెలిస్తే లాక్కుంటాడు. తాళాలు పోతే నేను బతికున్నట్టా చెప్పు?"

"నా నోట రాదులే. ముందు ఆ బిస్కెట్టు నములు."

కౌంటీ ఆఫీసులో పెట్టె సీలు చూశారు. తెగలేదు. ఓట్ల లెక్క సరిపోయింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. దారిలో ఆగారా అని ఎవరూ అడగలేదు. వీళ్ళూ చెప్పలేదు.

లోరీన్ పార్టీ మనిషి రాష్ట్రమంతా కలిపితే వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. మర్నాడు పొద్దున వెర్నా డైనర్‌లో వాళ్ళ మామూలు బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూసింది. ఈసారి తినిపించాల్సింది లోరీన్. చాలాసేపయినా రాలేదు. ఒంట్లో బాగా లేదేమోననుకుని, వెర్నా తన పాన్‌కేకులు తనే కొనుక్కుని తింది.

ఆ వారంలోనే వీడియో బయటికి వచ్చింది. బంకులో పక్కన పెట్రోలు పోయించుకుంటున్న వాడెవడో ఫోనులో తీశాడు. వెర్నా సంచితో బయటికి వస్తుంది, వెనక తలుపు తీస్తుంది, లోపలికి వంగుతుంది, అంతే. టైర్ల షాపు నడిపే గార్త్ మింక్లర్ దాన్ని తన ఛానెల్లో పెట్టి, ఎర్ర గీతతో సంచి చుట్టూ సున్నా చుట్టి, "ఇందులో ఏముంది?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. మిగతాదంతా చూసినవాళ్ళే చిలవలు పలవలు అల్లుకున్నారు.

వెర్నా తిన్నగా టైర్ల షాపుకే వెళ్ళింది. చిన్నప్పుడు గార్త్‌ను రోజూ బస్సులో బడికి తీసుకెళ్ళింది ఆమే.

"ఒరేయ్ గార్త్, బుర్రుందా నీకు? ఆ పెట్టెలో గెలిచింది మీవాడేనయ్యా! మూడొంతుల ఓట్లు మీవాడికే పడ్డాయి. నేను కాజేస్తే అట్లా ఉంటుందా?"

"ఇంకా ఎక్కువతో గెలవాలి కదా వెర్నా పిన్నీ," అన్నాడు గార్త్ చాలా మర్యాదగా. "మా అనుమానం కూడా అదే."

  వెర్నా ఇంటికి వచ్చేసింది. ఆ వారాంతంలో ఎవరో ఆమె ఇంటి ముందు ఉత్తరాలు వేసే డబ్బాను బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి వంచేసి పోయారు. చర్చిలో ఆమె కూర్చునే బల్ల మీద ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె బస్సు ఎక్కి పెద్దవాళ్ళయిన పిల్లలు సూపర్ మార్కెట్లో ఎదురుపడితే సబ్బుల వరుసలోకి తిరిగిపోయేవాళ్ళు.

అయినా వెర్నా కొండంత ధైర్యంతోనే ఉంది. కారులో ఇంకో మనిషి ఉంది కదా. ఆ మనిషి గార్త్ పార్టీయే. ఆమె నోరు విప్పితే ఊరంతా నమ్ముతుంది. వెర్నా మాత్రం మాట ఇచ్చింది కాబట్టి చెప్పదు. లోరీనే చెప్పాలి, చెబుతుంది.

డిసెంబరులో ఎన్నికల బోర్డు విచారణ పెట్టింది. హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో లోరీన్, పక్కన క్లింట్. కారు ఎందుకు ఆపావని అడిగితే వెర్నా, "లోరీన్‌ని అడగండి," అంది.

లోరీన్ లేచింది. వెర్నా వైపు చూడలేదు.

"కారు ఆగింది. వెర్నా లోపలికి వెళ్ళి సంచితో వచ్చింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. తను ఏం చేసిందో నేను చూడలేదు."

చెప్పిన ప్రతి మాటా నిజమే. వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ ప్రాణం మీదికి వస్తే ఆపాను కదే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి కోటు భుజాల మీద సర్దుతున్న క్లింట్ కనబడ్డాడు. మాట మింగేసింది.

"ఆకలేసి ఆపాను. బిస్కెట్లు కొనుక్కున్నాను," అంది.

హాలంతా పగలబడి నవ్వింది. వెర్నా పని పోయింది.

ఆ చలికాలం ఆమెకు కోపంతోనే గడిచింది. కానీ కోపం అడుగున ఒక ఓదార్పు ఉంది. లోరీన్ తాళాల కోసం అబద్ధమాడింది. భయపడ్డ మనిషి అబద్ధమాడుతుంది. భయం పోతే నిజం తిరిగొస్తుంది, మనిషీ తిరిగొస్తుంది. గిన్నెలు కడుగుతూ, మంచు తోసుకుంటూ వెర్నా రోజూ ఇదే తనకు తాను చెప్పుకునేది.

మంచు కరిగాక ఒక మధ్యాహ్నం క్లింట్ ట్రక్కు వచ్చి ఆగింది. లోరీన్ దిగింది. చిక్కిపోయింది. కొడుకు షిఫ్టుకు టైమైందని వెళ్ళిపోయాడు.

"తాళాలు ఇచ్చేశానే," అంది లోరీన్, వంటింటి కుర్చీలో కూర్చోకముందే. "క్లింట్‌కి అంతా చెప్పేశా. నాకు షుగర్ పడిపోవడం, నువ్వు జ్యూసు పట్టుకు రావడం, అన్నీ."

వెర్నా చేతిలోని కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేసి ఏడ్చేసింది. ఇన్ని నెలలూ ఎవరి ముందూ కంట తడి పెట్టని మనిషి. వెళ్ళి స్నేహితురాల్ని కావలించుకుంది.

"ఇన్నాళ్ళు పట్టిందటే నీకు, మొద్దుమొహమా!"

"పట్టింది. కానీ నా దాపరికం నేను చెప్పేసుకున్నా." లోరీన్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఇప్పుడు నీ వంతు."

"నా వంతేంటి?"

"ఆ సంచిలో ఇంకా ఏముందే?"

వెర్నా నవ్వబోయింది. లోరీన్ వేళాకోళం చేసేటప్పుడు పెదవి చివర చిన్న వంకర వస్తుంది. దానికోసం చూసింది. లేదు.

"జ్యూసు, బిస్కెట్లు. నువ్వే తిన్నావు కదే. పొడి నీ కోటు మీద రాలితే దులిపింది కూడా నేనే."

"అది నాకూ గుర్తుంది. అది కాకుండా?"

"అది కాకుండా ఏం లేదే!"

"కోప్పడకు. చలికాలమంతా ఆలోచించాను. ఆ రోజే, ఆ బంకు ముందే నాకు షుగర్ ఎందుకు పడిపోవాలి? హాల్లో కాఫీ నువ్వే ఇచ్చావు. నా సంచీ నేనెప్పుడైనా మర్చిపోయానా? ఆ రోజే ఎందుకు మర్చిపోతాను?"

"పెట్టె సీలు తెగలేదు. నువ్వే చూసి సంతకం పెట్టావు, లోరీన్."

"సీలుదేముందే, అలాంటిది ఇంకోటి తయారు చేసుకోలేరా వాళ్ళు? నిన్ను అనడం లేదు. నువ్వు బంగారంలాంటి దానివని నాకు తెలుసు. నీచేత ఎవరో చేయించారు. చెప్పెయ్యవే. నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అది చూశాక వెర్నా కుర్చీలో కూలబడింది. అబద్ధమే అయి ఉంటే ఎంత బాగుండేది! అబద్ధమాడిన మనిషిని తిట్టి, ఏడిపించి, మళ్ళీ దారిలోకి తెచ్చుకోవచ్చు. లోరీన్ అబద్ధమాడటం లేదు. ఆ రోజు తన తల ఎత్తి పట్టుకున్న చెయ్యి ఆమెకు బాగా గుర్తుంది. ఆ చేతినే అనుమానిస్తోంది.

"పద, ఇంటి దగ్గర దింపుతాను," అంది చివరికి. దింపడానికి ఇంకెవరూ లేరు మరి.

అదే కారు, అదే రోడ్డు. లోరీన్ ఈసారి ముందు సీట్లో కూర్చుంది.  బంకు దాటుతుండగా వెర్నా పక్కకు చూసింది. లోరీన్ చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

"తినబుద్ధి కాలేదు. నీతో ఎలా మాట్లాడాలా అని."

ఆ నవంబరు నుంచీ వెర్నా కారు తలుపు అరలో ఎప్పుడూ ఒక నారింజ జ్యూసు సీసా ఉంటుంది. ఎవరికోసం పెడుతున్నావని ఆమెను అడిగేవాళ్ళెవరూ లేరు. కారు పక్కకు ఆపి, అది తీసి లోరీన్ చేతికిచ్చింది.

లోరీన్ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. వణికే వేళ్ళతో మూత చుట్టూ తడిమింది. తలకిందులు చేసి అడుగు చూసింది, మళ్ళీ మూత చూసింది.

సీలు సరిగానే ఉంది.

"ఇంటికెళ్ళాక ఏదో ఒకటి తింటానులే," అంటూ సీసాను వెనక్కి ఇచ్చేసింది. వెర్నా దాన్ని అరలో పెట్టి, బస్సు నడిపిన అన్నేళ్ళలో ఎన్నడూ పోనంత వేగంగా కారు పోనిచ్చింది. లోరీన్ దారి పొడుగునా కళ్ళు మూయకుండా ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది.