నాలుగో నంబరు దిబ్బ

గురునాథరావు విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్ళుగా సముద్రం పక్కనే ఉద్యోగం చేస్తూ ఒక్కసారి కూడా మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాకుండా చాలా తెలివిగా నెట్టుకొస్తున్నానని ఆయన నమ్మకం. ఆ తెలివి ఏపాటిదో 1984 మార్చిలో ఒక గురువారం పొద్దున్న తేలిపోయింది.

ఆయన సర్వే అసిస్టెంటు. కంపెనీ పేరు చెప్తే బాగుండదు. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. ఊళ్ళో ఎవరిని కదిపినా ఇసుక, కంకర, సిమెంటు తప్ప వేరే మాట లేదు. కంపెనీకి ఇసుక కావాలి. అది ఎక్కడుందో చూసొచ్చి ఒక అచ్చు ఫారం నింపడం గురునాథరావు పని. ఊరికి ఉత్తరాన, ఒడ్డుకి రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న లంక ఉంది. మ్యాపులో దాని పేరు నాలుగో నంబరు ఇసుక దిబ్బ. ఫారంలో ప్రశ్నలు మూడే. మనుషుల రాకపోకలున్నాయా? పాత కట్టడాలున్నాయా? జంతువులు, పక్షులు ఉన్నాయా? అడుగున ‘స్వయంగా చూసి రాసినది’ అని అచ్చేసి ఉంటుంది. దాని కింద సంతకం.

స్వయంగా చూడాలంటే పడవెక్కాలి. ఈయన చూస్తే చీపురుపల్లి పక్క మెట్టపొలాల్లో పుట్టి, నూతి దగ్గర చెంబుతో పోసుకుని పెరిగిన మనిషి. పడవ పేరెత్తితేనే మాట మార్చేస్తాడు. అందుకని తన సొంత పద్ధతిలో విచారణ జరిపాడు. జాలరిపేట నుంచి చిలకమ్మ రోజూ గంపతో చేపలు తెచ్చి వాళ్ళ గుమ్మం ముందు కూర్చుని కోసిస్తుంది. ఆమె మొగుడు వరహాలు ఆ దిబ్బ వైపే వేటకెళ్తాడు. ఆమెకి తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది?

"సిలకమ్మా, ఉత్తరం పక్క దిబ్బ మీద ఏటున్నాది?" అని అడిగాడు.

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. ఒకసారి సముద్రం ఉన్న వైపు చూసింది. "ఏటీ నేదు బాబూ."

"మనుసులు ఎల్తారేటి?"

"ఏటీ నేదు."

"పాత గోడలూ, పిట్టలూ, గట్రా?"

"ఏటీ నేదని సెప్పేను కదా బాబూ. అమ్మగారిని గిన్నె అట్టుకు రమ్మనండి."

ఇంత గట్టి సాక్ష్యం కోర్టులో కూడా దొరకదనుకున్నాడు గురునాథరావు. గుమ్మంలోనే, ఫారం మోకాలి మీద పెట్టుకుని, మూడు గళ్ళలోనూ నిల్, నిల్, నిల్ అని రాసేశాడు. సంతకం చేసి దాని కింద రెండు గీతలు కూడా గీశాడు. గిన్నె పట్టుకొచ్చిన భార్య తాయారు అది చూసి, "ఎల్లకుండానే సూసొచ్చినట్టు రాసీసినారేటి?" అంది.

"ఆపీసు పద్దతులు నీకు తెల్దులే" అన్నాడు. ఆ మాట తర్వాత ఆయనకి చాలాసార్లు గుర్తొచ్చింది.

నెల తిరక్కుండానే కొత్త మేనేజరు నరసింహమూర్తి పిలిచాడు. గోదావరి జిల్లా మనిషి, మర్యాదస్తుడు, సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం రెండుసార్లు చదివే రకం.

"మీ రిపోర్టు బాగుందండి, గురునాథరావుగారూ. క్లుప్తంగా ఉంది. వచ్చే నెల నుంచి ఆ దిబ్బ తవ్వేస్తారు. ఈలోగా నేనొకసారి చూసి సంతకం పెట్టాలి. గురువారం వెళ్దాం. మీరు చూసిన చోటే కదా, దగ్గరుండి చూపించండి. అన్నట్టు, సీనియర్ అసిస్టెంటు పోస్టుకి మీ పేరే పంపుతున్నానండి."

పోస్టు వస్తోందని సంతోషించాలో, పడవెక్కాలని ఏడవాలో తెలియక గురునాథరావు రెండిటికీ పనికొచ్చేలా ఒక నవ్వు నవ్వాడు.

గురువారం తెల్లవారేసరికి జాలరిపేట ఒడ్డున ఉన్నారు. కుదిరిన పడవ వరహాలుదే అయింది. చిలకమ్మ మొగుడి చేతిలో ఒక చిన్న గుడ్డమూట పెట్టి, గురునాథరావు కేసి ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

"మా గురునాథరావుగారు ఇదివరకు ఆ దిబ్బకి వెళ్ళొచ్చారు. నీ పడవలోనేనా?" అని అడిగాడు నరసింహమూర్తి.

వరహాలు తెడ్డు సర్దుకుంటూ గురునాథరావు ముఖంలోకి చూశాడు. తీసిన చెప్పులు రెండు చేతులతో గుండెకి హత్తుకుని, పడవ అంచు తగిలితే కరుస్తుందేమో అన్నట్టు నిలబడ్డ మనిషిని చూస్తే, ఇంతకుముందు పడవెక్కాడో లేదో ఏ జాలరికైనా తెలిసిపోతుంది.

"పేటలో సానా పడవలున్నాయి బాబూ" అన్నాడు వరహాలు. ఆ ఒక్క మాటకి గురునాథరావు అతనికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

"గోదాట్లో పుట్టినవాణ్ణి, పడవల గురించి నాకు చెప్పకండి" అంటూ ముందు కూర్చున్న నరసింహమూర్తి, మూడో అలకి కక్కడం మొదలుపెట్టాడు. గోదారి గోదారే, సముద్రం సముద్రమే. గురునాథరావుకి మాత్రం వాంతి కాలేదు. అది ధైర్యం కాదు. భయానికి ఆయన కడుపు ఎంత బిగుసుకుపోయిందంటే అందులోంచి ఏదీ బయటికి రాలేకపోయింది. మేనేజరు మాత్రం ఆ స్థితిలో కూడా, "మీకు అలవాటు కాబట్టి సరిపోయిందండి" అని మెచ్చుకున్నాడు.

దిబ్బ చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఒక కొసన నల్లరాళ్ళు, మధ్యలో మొగలి పొదలు, మిగతాదంతా ఇసుక. అలల చప్పుడు తప్ప ఇంకే అలికిడీ లేదు. నరసింహమూర్తి మొగలి పొద నీడన వెల్లకిలా పడుకుని, తడి తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

"నేను లేవలేనండి. మీరు చూసిందేగా. ఒక్క చుట్టు చుట్టి రండి. ఏమీ లేదని ఇంకొక్కసారి మీ నోటితో చెప్పండి, సంతకం పెట్టేస్తాను" అన్నాడు తువ్వాలు కిందనుంచి.

గురునాథరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. దేవుడున్నాడనుకున్నాడు. ఊరికే అటూ ఇటూ తిరిగొచ్చి ‘లేదండి’ అంటే చాలు. ఫైలు చంకలో పెట్టుకుని వరహాలు వెనకాల నడిచాడు.

పదడుగులు వేశాడో లేదో, "బాబూ, కాలు!" అని అరిచాడు వరహాలు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. కింద ఇసుకలో చిన్న గుంట, అందులో చుక్కల చుక్కల గుడ్లు రెండు. ఇసుక రంగే, పరీక్షగా చూస్తేగానీ కనపడవు. ఆ పక్కన ఇంకో రెండు, అవతల మరో మూడు. ఈలోగా తెల్లపిట్టలు వందలకొద్దీ లేచి ఆయన నెత్తిమీద గోల మొదలుపెట్టాయి. ఫైలు తల మీద పెట్టుకుని పరిగెత్తాడు. ఆగి చూసుకుంటే ఫైలు మీద, చొక్కా మీద తెల్లగా రెట్టలు. మూడో నిల్ మీద పిట్టలే స్వయంగా తమ అభిప్రాయం రాశాయి.

నీటి అంచున ఇసుక కదులుతోంది. వంగి చూస్తే తాబేటి పిల్లలు. పిడికిట్లో పట్టేంత ఉన్నాయి. గుంటలోంచి ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ పైకొచ్చి, సముద్రం వైపు పాక్కుంటూ పోతున్నాయి. ఒకటి ఆయన చెప్పుకి అడ్డం తగిలి, ఎక్కలేక జారి, మళ్ళీ ఎక్కి, అటు దిగి పోయింది. అలొచ్చి దాన్ని తీసుకెళ్ళిపోయింది.

"శ్రీకూర్మంలో దేవుడి పిల్లలు. వొలలో తల్లి పడితే బొట్టెట్టి ఒగ్గీత్తాం" అన్నాడు వరహాలు.

పుట్టి గంట కాని పిల్ల సముద్రంలోకి దిగిపోయింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న గురునాథరావు చెప్పులు తడవకుండా వెనక్కి జరిగాడు. తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే సిగ్గేసింది.

నల్లరాళ్ళ వెనక్కి వెళ్ళాక వరహాలు తలపాగా తీసి, మూట విప్పాడు. అక్కడ పాత ఇటికల సమాధి ఉంది. ఉప్పుగాలికి సున్నం రాలి, ఒక పలక మీద, డచ్చివాళ్ళవి కాబోలు, ఏవో పరాయి అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి. పలక చుట్టూ, ఇటికల సందుల్లో, కింద ఇసుకలో, ఎక్కడ చూసినా గాజులే. ఆకుపచ్చవి, ఎర్రవి, రంగు వెలిసిపోయినవి, విరిగినవి, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి.

"ఒలందా దొరసానమ్మ బాబూ" అన్నాడు వరహాలు, పసుపు కుంకుమ చల్లుతూ. "మా తాతల తాతల నాటి మాట. ఆయమ్మ మొగుడు ఓడలో ఎల్లీసి మరి రానేదంట. ఈ రాళ్ళ మీదే కూకుని ఎదురు సూసీదంట. అందుకే మా ఆడోళ్ళ బాద ఆయమ్మకి తెలుసు. గాలివానలో సిక్కినోడు బతికి ఇంటికొచ్చేడంటే, ఆడి పెల్లాం సేతి గాజు ఒకటి తీసి అమ్మకి అంపుతాది. మొన్న నాను సిక్కీసినాను."

మూటలోంచి ఒక ఆకుపచ్చ గాజు తీసి పలక మీద పెట్టాడు.

గురునాథరావు ఆ కుప్పల కేసి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కో గాజూ ఇల్లు చేరిన ఒక్కో మనిషి. రెండు వందల ఏళ్ళుగా చేరినవాళ్ళంతా ఇక్కడున్నారు. దానికి తను గుమ్మంలో కూర్చుని, చేప పులుసు కోసం ఎదురుచూస్తూ నిల్ రాశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు కూడా సిగ్గేసింది.

"మరి సిలకమ్మ నాతో ఏటీ నేదని సెప్పిందేటి?"

"ఆ దినం నాను ఏటలో ఉన్నాను బాబూ. మొగోడు కడలి మీద ఉన్నప్పుడు ఇంటికాడ అమ్మ ఊసెత్తకూడదు. ఎత్తితే, ఎవులు నన్ను పిలిసీరని అమ్మ ఇటు తిరిగి సూత్తాదంట. అప్పుడు పడవల మీద సూపు పోద్ది కదా. అందుకే ఎవులడిగినా ఏటీ నేదనే అంతారు." తలపాగా చుట్టుకుంటూ, "ఇంక మీరు ఏటి రాత్తారో మీ ఇట్టం" అన్నాడు.

తిరిగి నడుస్తూ లెక్కలు వేసుకున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పోస్టు వస్తుంది, పరువు దక్కుతుంది. వచ్చే నెల పిట్టలూ పోతాయి, తాబేళ్ళూ పోతాయి, గాజులతో సహా దొరసాని ఏ క్వార్టర్ల గోడలోకో కలిసిపోతుంది. చెప్తే, స్వయంగా చూసి రాసినదన్న మాట కింద రెండు గీతలతో నవ్వుతున్న ఆ సంతకం పోతుంది. ఉద్యోగమే పోవచ్చు.

"ఏమైనా ఉందాండి?" తువ్వాలు కిందనుంచే అడిగాడు నరసింహమూర్తి. "లేదు కదా?"

‘లేదండి’ అందామనే నోరు తెరిచాడు గురునాథరావు. చెప్పు మీదుగా ఎక్కి దిగిపోయిన ఆ పిల్ల కళ్ళముందు మెదిలింది.

"ఉందండి."

తువ్వాలు తొలిగింది. "మరి లేదని రాశారు?"

"చూడకుండా రాశానండి. ఈ దిబ్బకి రావడం నాకిదే మొదటిసారి. పడవంటే భయమండి."

"మరి నిల్ అని మీకెవరు చెప్పారు?"

"మా ఇంటికి చేపలు తెచ్చే చిలకమ్మండి."

నరసింహమూర్తి తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, "తగరపువలస కంకర గుట్ట గురించి రాశారే, అది?" అన్నాడు.

"అది పాలవాడు చెప్పాడండి."

మేనేజరు లేచాడు. తూలుకుంటూ, పిట్టల చేత తిట్లు తింటూ, వరహాలు దారి చూపిస్తుంటే సమాధి దాకా నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన కూడా అడుగు తీసి అడుగేసే ముందు కింద చూసుకుంటున్నాడు.

"కొత్త రిపోర్టు రాయండి. పాతది ఎందుకు తప్పో అందులో ఉండాలి. అది మీ చేత్తోనే రాయాలండి" అన్నాడు.

రాశాడు. ‘చేపలు విక్రయించు స్త్రీ చెప్పిన మీదట’ అన్న వాక్యాన్ని ఆఫీసులో అటెండరు దగ్గర నుంచి టైపిస్టు దాకా అందరూ చదువుకున్నారు. కొందరు కంఠతా పట్టారు. ఇసుక కోసం కంపెనీ వేరే చోటు వెతుక్కుంది. సీనియర్ పోస్టు ఇంకొకరికి పోయింది. గురునాథరావుని ఆటోనగర్ గోడౌన్‌లో బోల్టులు, నట్లు సరిచూసే పనిలో వేశారు. అక్కడ స్వయంగా చూడకుండా ఏదీ రాయడానికి వీల్లేదు. ఒక్కో పెట్టె మూత తీసి, బోల్టుకి బోల్టు చూసి మరీ రాస్తాడు. చూసినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళతోపాటు ఆయనా నవ్వుతాడు.

ఆ ఏడు శ్రావణంలో బావమరిది జగ్గారావు ఊరినుంచి వచ్చాడు. ముసురు పట్టి ఉంది. రాత్రినుంచీ సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. చిలకమ్మ గుమ్మం ముందు కూర్చుని, ఐసులో దాచిన మొన్నటి చేపలు కోస్తోంది. నిన్న చీకటితో వెళ్ళిన పడవలు, వరహాలుది కూడా, ఇంకా రాలేదని తాయారుతో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఆమె కత్తిపీట చప్పుడు రోజూలా లేదు.

జగ్గారావు అరుగు మీద బీడీ వెలిగించుకుని, "అది కాదు బావా, ఏదో దిబ్బ గురించి నిజం సెప్పీసి పోస్టు పోగొట్టుకున్నావంట కదా. అంత పోస్టు ఒదులుకోడానికి ఏటుందేటి ఆ దిబ్బ మీద?" అని అడిగాడు.

కత్తిపీట మీద చిలకమ్మ చెయ్యి ఆగింది. తల ఎత్తి గురునాథరావు కేసి చూసింది.

"ఏటీ నేదు బావా" అన్నాడు గురునాథరావు.

"ఏటీ నేదా? మరెందుకు..."

"ఏటీ నేదని సెప్పేను కదా. ఒరే, ఆ బీడీ ఆర్పీసి లోపలికి ఎల్లి, గిన్నె అట్టుకు రా."

చిలకమ్మ తలొంచుకుని మళ్ళీ చేపలు కోయడం మొదలుపెట్టింది. గురునాథరావు గుమ్మంలోనే, ఆమె పక్కన, సముద్రం ఉన్న వైపు చూస్తూ కూర్చున్నాడు. పడవలు వచ్చాయన్న కబురు తెలిసేదాకా ఆ రోజు గోడౌనుకి వెళ్ళలేదు.