షిక్కో యూయో, కిసో యూయో

జపనీస్ టీచరమ్మకి భాష వచ్చు, చట్టం రాదు. పిల్లలకి వ్యాకరణం నేర్పడంలో మాత్రం ఆవిడకి తిరుగులేదు. పోలీస్ స్టేషన్ నుంచి అనువాదానికి రమ్మని కబురొస్తే, "కోర్టు మాటలు నాకంతగా తెలీవండీ" అని నసుగుతూనే వెళ్ళింది.

కిటికీ లేని గది. బల్లకి అటుపక్క జపాన్ వంటమనిషి. హోటల్లో గొడవప్పుడు ఎవరినో మెట్ల మీంచి తోశాడని కేసు. "తొయ్యలేదు, అడ్డుపడ్డాను" అని పొద్దుట్నుంచీ అదే మాట.

ఇన్‌స్పెక్టర్ విసిగిపోయాడు. "ఒప్పుకుంటే శిక్ష అమలు కాకుండా ఆపుతారు, ఇంటికెళ్ళొచ్చని చెప్పండి మేడం."

ఆవిడ "కిసో యూయో" అంది. వంటమనిషి మొహం తేటపడింది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేశాడు. సరిగ్గానే అనువదించానని కింద ఆవిడా పెట్టింది.

ఇంటికొచ్చి నిఘంటువు తిరగేస్తే తప్పు బయటపడింది. తను చెప్పిన కిసో యూయో అంటే కేసు కోర్టుకే వెళ్ళదని. ఇన్‌స్పెక్టర్ అన్నది షిక్కో యూయో: జైలు తప్పుతుంది గానీ నేరస్థుడన్న ముద్ర పడుతుంది.

అన్నం కెలుకుతున్న కోడల్ని చూసి అత్తగారు సంగతి రాబట్టింది. "నోరు జారితే తీసుకోలేమంటారు. రేపు అతన్ని కోర్టులో పెట్టేదాకా నీకింకా టైముందిగా, వెళ్ళి వెనక్కి తీసుకో."

పొద్దున్నే కోర్టు వరండాలో చెబితే ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "అంటే మీ సంతకం అబద్ధమా? కేసు మీ మీదకొస్తుంది, ఆలోచించుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోర్టు హాల్లోకి పిలిచి తలుపు మూశారు. జడ్జిగారు "నేరం ఒప్పుకుంటున్నాడా, అడగండమ్మా" అన్నారు. వంటమనిషి ఆవిడ వంకే ధీమాగా చూస్తున్నాడు.

"అయ్యా, నిన్న నేను మాట తప్పు చెప్పాను. అది నమ్మే సంతకం పెట్టాడు."

జడ్జిగారు ఆ కాగితం కొట్టేశారు, అనువాదకుల జాబితాలోంచి ఆవిడ పేరూ కొట్టేశారు. కొత్త మనిషి దొరికేదాకా అతన్ని లోపలే ఉంచమన్నారు. ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఆవిడే దిక్కయింది.

"ఇంటికెళ్ళొచ్చన్నారుగా?" అన్నాడతను.

"వెళ్ళకూడదు. తప్పు నాది."

అతను ఆవిడ వంక చూడకుండా పోలీసుల వెంట నడిచాడు.

నాలుగో వారంలో, హోటల్లో అంట్లు తోమే ఆవిడ సాక్ష్యంతో కేసు కొట్టేశారు. టీచరమ్మ జైలు గేటు దగ్గర నిలబడింది. క్షమాపణ ఎలా చెప్పాలో ఆ భాషలో పదిరకాలు తెలుసు. అతను చూశాడు, సంచీ భుజం మార్చుకుని అటు పక్కనుంచి వెళ్ళిపోయాడు.