నా వంతు గుడ్డు

ఉడికిన గుడ్డు పెంకు తీసి, రెండుగా చీల్చి, బల్ల కింద కాచుకుని ఉన్న మూతికి అందించడానికి ఎంతసేపు పడుతుందంటే, కోడలు వంటగదిలోకి వెళ్లి మంచినీళ్ల గ్లాసుతో తిరిగి వచ్చేంతసేపు. ఆమె వచ్చేసరికి నా పళ్లెంలో పెంకులే ఉండేవి. "తిన్నారా అత్తయ్యా?" అనేది. "ఆఁ, తిన్నానమ్మా," అని మూతి తుడుచుకునేదాన్ని కూడా. అంత పనితనం ఉంది నాకు అబద్ధంలో.

బల్ల కింద ఉన్న ఆ మూతి మొద్దుది. మొద్దు మా అబ్బాయి తెచ్చిన కుక్క. వాడు ఏదో నోరు తిరగని పేరు పెట్టాడు, నేను మొద్దు అన్నాను, అదే ఖాయమైంది. తెచ్చిన రోజు ఫోటోలు తీయడం వరకే మా అబ్బాయి వంతు. స్నానం, టీకాలు, కుర్చీల నిండా వెంట్రుకలు, అవన్నీ కోడలివి. ఆమె రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. నూరు పొరల బట్ట పరిచి ఒక్కసారే కోసినా అంచు వెంట్రుకవాసి జరగదని అక్కడ పేరు. పొద్దున ఎనిమిదిన్నరకి పరుగు, సాయంత్రం వస్తూనే మళ్లీ వంటగది. వచ్చే నెల సూపర్‌వైజర్ పని ఆమెకే ఇస్తారని కంపెనీలో అనుకుంటున్నారట. ఆ మాట నాతోనే మొదట చెప్పింది, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, నవ్వు దాచుకుంటూ.

పోయిన ఏడాది నాకు నీరసం వస్తే డాక్టరు రోజుకొక గుడ్డు పెట్టమన్నాడు. మరో రెండు మూడు నెలలకి మొద్దుకి దురద మొదలైంది. పాదాలు నాకి నాకి పచ్చి చేసుకుంది. పొట్ట ఎర్రబడింది. చెవులు వాసన. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది? ఇదిగో, ఇప్పటికీ నన్ను నేను వెనకేసుకొస్తున్నాను చూడండి.

పశువుల డాక్టరమ్మ దాని చెవులూ పొట్టా చూసి, "తిండిలో ఏదో ఒక ప్రోటీన్ దీనికి పడటం లేదు. అన్నీ ఆపేయండి. ఇంతవరకు తినని తిండి ఒక్కటే పెట్టండి, చేప, చిలగడదుంప. ఎనిమిది వారాలు. మధ్యలో బిస్కెట్టు ముక్క వెళ్లినా మళ్లీ మొదటికే," అంది. ఆ రోజు నుంచి కోడలు ఇంకో అరగంట ముందు లేచింది. కుక్కకి వేరే గిన్నె, వేరే కత్తి. చేప ముళ్లు తీసి, దుంప ఉడికించి, తూచి పెట్టేది. ఎన్నిసార్లు గోకింది, ఏ పాదం నాకింది, నోటుపుస్తకంలో రాసేది.

ప్రోటీన్ అంటే మాంసం అనుకున్నాను. గుడ్డు మాంసం కాదుగా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అయితే మూడో వారం కోడలు స్పీకరు పెట్టి ఫోనులో అడిగితే డాక్టరమ్మ, "గుడ్డు కూడా వద్దమ్మా, గుడ్డు పడని కుక్కలు బోలెడు," అనడం నా చెవులతో విన్నాను. మర్నాడు గుడ్డుని చెత్తబుట్టలో వేద్దామనుకున్నాను. కానీ మొద్దు ఏం దొంగతనంగా తింటోందోనని కోడలు ఆ బుట్ట కూడా వెతుకుతోంది. ఇక మిగిలింది నేను తినడం, లేదా నోరు తెరిచి చెప్పడం. ఆ రెండూ చేయలేక మళ్లీ బల్ల కిందికే చెయ్యి చాపాను. తెలిసి చాపాను.

ఎందుకంటే నాకు గుడ్డు పడదు. పెళ్లయిన కొత్తలో మా అత్త వడ్డించిన గుడ్డు తింటే పెదాలు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మా అత్త నన్ను కిందికీ పైకీ చూసి, "పుట్టింట్లో ఎరగనిది కదా, ఒంటికి ఎలా పడుతుంది?" అంది. మా ఆయన అయితే వచ్చిన చుట్టాల ముందు, "మా ఆవిడకి గుడ్డంటే దద్దుర్లు, పనంటే నీరసం," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కడుపుతో ఉన్నప్పుడు రోజుకొకటి ఎదురుగా కూర్చుని తినిపించారు. తిని, స్నానాలగది తలుపేసుకుని, గోడకి వీపు రుద్దుకునేదాన్ని. తర్వాత తర్వాత రుమాల్లో దాచడం నేర్చుకున్నాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అయినా గుడ్డు వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే మళ్లీ ఎవరో నవ్వుతారని.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. కోడలు మొద్దు పొట్ట మీద మందు రాస్తూ, "ఎంత మంటగా ఉందో నా తల్లికి," అంటుంటే నాకు దాని మీద ఈర్ష్య పుట్టింది. కుక్క దురదకి ఒక పుస్తకం పెట్టారు కదా అని. అంతకంటే నీచమైనది, కుక్క దురద తగ్గలేదని మా అబ్బాయి కోడల్ని కేకలేస్తుంటే, పాపం అనిపించడానికి ముందు, ఒక్క క్షణం హాయిగా అనిపించింది. తిట్లు తింటున్నది ఈసారి నేను కాదు.

ఐదో వారం అందరం మొద్దుని తీసుకుని వెళ్లాం. డాక్టరమ్మ దాని పొట్ట చూసి పెదవి విరిచింది. "ఏమీ తగ్గలేదు. ఇంట్లో ఎవరో ఏదో పెడుతున్నారు."

మా అబ్బాయి వెంటనే పెళ్లాం వైపు తిరిగాడు. "విన్నావా? ఒక్క పని సరిగ్గా చేయలేవు. పొద్దున్న ఆ హడావుడిలో ఏ గిన్నెలో ఏం కలుపుతున్నావో!"

ఇంటికి వచ్చాక, "రెండు నెలలు సెలవు పెట్టు. ఇంటి పట్టున ఉండి చూసుకో," అన్నాడు.

"వచ్చే నెల సూపర్‌వైజర్ పని..."

"ఇంకెవరికైనా ఇస్తారులే. ప్రపంచం మునిగిపోదు."

ఆమె వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలన్నీ దించి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. తన తప్పు ఎక్కడుందో తోమితే దొరుకుతుందన్నట్టు.

మర్నాడు పొద్దున నా గుడ్డు నా ముందు పెట్టి, ఎదురుగా కాగితం వేసుకుని కూర్చుంది. సెలవు చీటీ. మా అబ్బాయి పక్కన కాఫీ తాగుతున్నాడు. రెండు లైన్లు రాసి, కలం ఆపి, "అత్తయ్యా, మీరు రోజంతా చూస్తుంటారుగా. నిజం చెప్పండి, నేనెక్కడైనా పొరపాటు చేస్తున్నానా?" అంది. కోపంగా కాదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిన గొంతుతో. నూరు పొరలు వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చేతులవి. బల్ల కింద మొద్దు నా మోకాలి మీద గడ్డం ఆనించి ఎదురు చూస్తోంది.

"నువ్వు కాదమ్మా, నేను," అన్నాను. "రోజూ ఈ గుడ్డు దానికే పెడుతున్నాను. నాకు గుడ్డు పడదు. ఎప్పుడూ పడలేదు."

మా అబ్బాయి కప్పు దించాడు. "అదేంటమ్మా? చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, తింటూనే ఉండేదానివిగా."

"తిన్నట్టు కనపడేదాన్ని."

కోడలు నా వైపే చూస్తోంది. "డాక్టరమ్మ గుడ్డు వద్దన్న రోజు మీరు ఇక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"నిన్న ఈయన నన్ను అన్నప్పుడు కూడా."

"ఉన్నాను."

"మొద్దుకైతే నోరు లేదు," అంది. "మీకేమైందత్తయ్యా?"

యాభై ఏళ్ల సంగతులన్నీ నాలుక చివరికి వచ్చాయి. మా అత్త, మా ఆయన, స్నానాలగది గోడ. ఒక్కటీ చెప్పలేదు. అవి నిజాలే, కానీ ఆ పిల్ల అడిగినదానికి జవాబులు కావు.

మా అబ్బాయి మళ్లీ కప్పు ఎత్తుకున్నాడు. "సరేలే, తెలిసిపోయిందిగా. ఎలాగూ మొదటి నుంచి ఎనిమిది వారాలు చేయాలి. ఆ చీటీ పూర్తి చెయ్," అన్నాడు కోడలితో, టీవీ రిమోట్ అందించమన్నంత తేలిగ్గా. వాడిని పెంచింది నేనే. పళ్లెంలో ఏది పెట్టినా నవ్వుతూ తినే అమ్మని చూస్తూ పెరిగాడు.

ఆ కాగితం ఆమె ముందు నుంచి తీసి వాడి ముందు పెట్టాను.

"సెలవు నువ్వు పెట్టు నాయనా. కుక్కని తెచ్చింది నువ్వు, దాని ఒళ్లు పాడుచేసింది నేను. చేప ముళ్లు తీయడం నేర్పమని నీ పెళ్లాన్ని అడుగుదువుగాని. మధ్యలో ఆ పిల్ల ఉద్యోగం ఎందుకు పోవాలి?"

వాడు కప్పు దించి ఆ కాగితం వైపు చూశాడు. కోడలు లేచి భుజానికి సంచి తగిలించుకుంది, చెప్పులు వేసుకుంది. రోజూ గుమ్మం దగ్గర ఆగి "వెళ్లొస్తా అత్తయ్యా" అంటుంది. ఆ రోజు అనలేదు. నా మీద కోపం ఉంచుకునే హక్కు ఆమెకుంది. వెనక్కి పిలిచి క్షమించమని అడిగితే మళ్లీ ఆమెకే ఇంకో పని చెప్పినట్టవుతుందని ఊరుకున్నాను.