మూడో వాక్యం

మార్కర్ మూతను పళ్ళతో లాగి, ఎంగిలి వేళ్ళతోనే బోర్డు తుడిచి పాఠం చెప్పడం మాస్టారి అలవాటు. అది చూసినప్పుడల్లా, క్లాసులో ముందు వరసలో కూర్చునే నర్సు ముఖం తిప్పుకునేది. అయినా ఓర్చుకుంది. ఈ జర్మన్ పరీక్ష గట్టెక్కితేనే ఆమెకు విదేశీ ఆసుపత్రిలో ఉద్యోగం.

పాఠం మాత్రం శుభ్రంగానే చెప్పేవాడు. ప్రతి వస్తువు పేరుకూ ముందు డెర్, డీ, డస్‌లలో ఒకటి ఉంటుందనీ, పేరుతోపాటు దాన్నీ బట్టీ పట్టాల్సిందేననీ. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానం వదలదనీ. 'వైల్', అంటే 'ఎందుకంటే' అని ఎత్తుకుంటే మాత్రం క్రియ బుద్ధిగా చివరికి పోతుందనీ చెప్పాడు.

"హమ్మయ్య, అదొక్కటి మన తెలుగు దారికొచ్చింది," అని వెనక బెంచీ ఎలక్ట్రీషియన్ అంటే క్లాసంతా నవ్వింది.

చిక్కల్లా పరీక్షలో అప్పజెప్పాల్సిన పరిచయం కాగితంతో వచ్చింది. పద్నాలుగు మందికీ ఒకటే కాగితం. అందులో మూడో వాక్యం: మైన్ ఫాటర్ ఇస్ట్ టోట్. మా నాన్న చనిపోయాడు.

"మా నాన్న ఉన్నాడు మాస్టారూ," అంది నర్సు.

"ఉండనీవమ్మా, ఎవరు వద్దన్నారు? ఉన్నాడంటే ఏం చేస్తాడు, ఎక్కడుంటాడు అని నీ ప్రాణం తీస్తారు. పోయాడంటే పాపం అని ఊరుకుంటారు. క్రియ రెండో స్థానంలో పెట్టావా లేదా, అదీ వాళ్ళక్కావాల్సింది."

ఇంట్లో వల్లెవేస్తుంటే ఆ వాక్యం నోటినుంచి జారిపోయింది. తండ్రి కుట్టుమిషన్ ఆపి, "ఇది గడగడా వచ్చేసిందే తల్లీ!" అని మెచ్చుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి నోరు పుక్కిలించింది. దేవుడి పటం ముందు నిలబడితే దణ్ణం పెట్టడానికి చేతులు రాలేదు. రోజూ ఆ దేవుడి పేరు తలిచే నోరేనా ఇది?

పరీక్ష గదిలో, "మైన్ ఫాటర్..." అని ఆగింది. పరీక్షకురాలు తలెత్తకుండానే, "టోట్?" అంది విసుగ్గా. ఆ పూట అప్పటికే ఎనిమిదిమంది తండ్రులు పోయారు.

"కాదు. ఉన్నాడు. దర్జీ," అంది నర్సు, వచ్చీరాని జర్మన్‌లో.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఏం కుడతాడు? ఆ పనే ఎందుకు? డెర్ అనాల్సిన చోట డస్ అంది. 'వైల్' అని మొదలుపెట్టి చివరికి చేరలేకపోయింది. ఎర్ర పెన్ను గీతలమీద గీతలు గీసింది.

"పోగొట్టుకున్నావా? మళ్ళీ ఆర్నెల్లు కూర్చో," అన్నాడు బయట మాస్టారు, మార్కర్ మూత నములుతూ.

వరండా బెంచీ మీద ఎలక్ట్రీషియన్ తండ్రి కొడుకు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓరగా వేసిన తలుపులోంచి కొడుకు గొంతు ఖంగున వినబడింది. మూడో వాక్యంలో ఒక్క తప్పు లేదు.

పెద్దాయన ముఖం వెలిగింది. "ఫాటర్ అంటే తండ్రే కదమ్మా? ఆ ఒక్క మాట నాకూ నేర్పాడు. నా గురించి ఏమంటున్నాడు?"

నర్సు తలుపు వైపు చూసింది. అబద్ధం చెప్పాలంటే నోరు రాదు. నిజం చెబితే ఈయన తట్టుకోగలడా?

"మీవాడు బయటికొచ్చాక అతన్నే అడగండి బాబాయ్," అంది. "మన భాషలో చెప్పమనండి."