ఒక్కరోజు ఎక్కువ

నడకబాట మీద రాలిన ఆకుల్ని గుట్టగా పోగేస్తూ ఆమె బెంచీ వైపు చెవులు రిక్కించింది. పొద్దున్నే పార్కుకు వచ్చేవాళ్లు ఆరోగ్యం గురించి మాట్లాడుకోని రోజు ఉండదు. ఉప్పు తగ్గించాలన్నారు, తగ్గించింది. బాగా నమిలి మింగాలన్నారు, దవడలు నొప్పెట్టేదాకా నమిలింది. చెప్పినవాళ్లు మాత్రం గేటు దగ్గర నూనె కారే చిరుతిళ్లు లాగించి మరీ ఇళ్లకు పోతారు.

"డెబ్బై దాటాక బతుకెందుకండీ? ఎవరికీ బరువు కాకుండా, తిరుగుతూ తిరుగుతూనే పోవాలి" అంటున్నాడు రిటైరైన మాస్టారు. అందరూ తలలూపారు.

ఆ రోజు చెట్టు కింద ఉచిత వైద్యశిబిరం పెట్టారు. నర్సు ఆమె చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది.

"నీకేం పెద్దమ్మా, గుండ్రాయిలా ఉన్నావు. నూరేళ్లు బతుకుతావు."

"నిజంగానా తల్లీ? ఇంకోసారి చూడు."

"అన్నేళ్లుండి ఏం చేస్తావు? ఊరంతా ఊడుస్తావా?" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

ఏం చెబుతుంది వాళ్లకు? ఇంట్లో నలభై ఏళ్ల కొడుకు పుట్టినప్పటినుంచీ మంచంలోనే ఉన్నాడు. నోటికి అందిస్తే తప్ప తినలేడు. ఆమెకు వాడికంటే ఒక్కరోజు ఎక్కువ బతికితే చాలు. తను ముందు పోతే వాడి గతేమిటన్న భయమే ఇన్నేళ్లూ ఆమె నడుం వంగనివ్వలేదు.

మధ్యాహ్నం ఎన్నడూ లేనంత హుషారుగా ఇల్లు చేరింది. ఆమె పనికి వెళ్లినప్పుడు వాణ్ణి కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"పడుకున్నాడనే అనుకున్నా వదినా. నీళ్లు పట్టిద్దామని లేపితే లేవలేదు."

ఆమె మంచం పక్కన కూలబడింది. చల్లబడిన వాడి నుదురు నిమిరి, అలవాటుగా మూతి తుడిచింది. కోరుకున్నట్టే జరిగింది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం, వాణ్ణి మోసుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఎవరిళ్లకు వాళ్లు పోయాక, ఆమెకు ఆకలేసింది. సిగ్గులేని గట్టి ఒళ్లు. దాన్ని ఇంకా ఎన్నేళ్లు మొయ్యాలో తెలియదు. కాస్త అన్నం వండుకుని, ఏదో ధ్యాసలో మెత్తగా మెదిపింది.

గూట్లో, వాడు కొరికి కొరికి అంచంతా పంటిగాట్లు పడిన చెక్కచెంచా బోర్లించి ఉంది, పొద్దున కడిగిన చెమ్మ ఇంకా ఆరకుండా.