కాకి డ్రెస్సు

మా మరిది మాట్లాడితే అతని చొక్కా గుండీలకి తప్ప ఇంకెవరికీ వినపడదు. అందుకే వాళ్ల ఆఫీసు నాటకాల్లో ఇన్నేళ్లూ తెర లాగే పనే ఇచ్చారు. ఈసారి ఎలాగో ఒక వేషం దక్కింది. అందులో అతను అనాల్సింది ఒకే ఒక్క ముక్క: "కదలకు! నేనంతా చూశాను!" కొడుకు గొంతు నలుగురిలో వినాలని మా అత్తగారు ఎంత ఆశపడ్డారో నాకు తెలుసు.

ఎవరి దుస్తులు వాళ్ల ఇంట్లోనే, అదీ పనికిరాని సామానుతోనే తయారుచేసుకోవాలని షరతు. ఆ సంగతి చెబుతూ మరిది గుమ్మంలో ఏదో గొణిగి, స్నానానికి వెళ్లిపోయాడు.

"ఏమన్నాడమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"కాకి డ్రెస్సు కావాలట అత్తయ్యా."

"కాకా? కాకి మాట్లాడుతుందా?"

"నాటకం కదా! గోడమీద కూర్చుని దొంగని చూస్తుంది కాబోలు."

ఆవిడకి నమ్మకం కుదిరింది. ఇక ముగ్గురం నడుం బిగించాం. సైకిల్ షాపు మూసేసి గోళ్లు గిల్లుకుంటున్న మామగారు విరిగిన గొడుగు ఊచలతో రెక్కల చట్రం కట్టారు. చిరిగిన గొడుగుల గుడ్డని నేను ఈకలుగా కత్తిరించాను. అత్తగారు మిషన్ మీద కుట్టారు. ముక్కుకి పాత నూనె గరాటు సరిపోయింది. రెక్కలకి మెరుపు చాలడం లేదని అత్తగారు అటక మీంచి మామగారి ఎక్స్‌రేలు దింపారు.

"అవి నా పక్కటెముకలే! రేపు డాక్టరు అడిగితే?" అని మామగారు అడ్డుపడ్డారు.

"రెక్క విప్పి చూపించండి," అన్నారు ఆవిడ, కత్తెర ఆపకుండా.

మరిది నిద్రలో ఉండగా టేపు పెట్టి ముక్కు కొలిచాను. కళ్లు తెరిచి, "ముక్కెందుకు వదినా?" అన్నాడు. "అందానికి," అన్నాను. అంతే, అటు తిరిగి పడుకున్నాడు. ఇలాంటి మనిషిని ఏమనాలి?

చివరి రిహార్సల్‌కి మూట పట్టుకుని మేమూ వెళ్లాం. మూట విప్పేదాకా చూడొద్దని ఒట్టు వేయించుకున్నాం కాబట్టి, అతనూ అక్కడే చూశాడు. ఏదో గొణిగాడు, గుండీలకే వినపడింది. నాటకం ఆడించే హెడ్డుగుమాస్తా మాత్రం అరిచాడు.

"కానిస్టేబులేడి?"

"మాకేం తెలుసండీ? మీరు కాకి డ్రెస్సన్నారు, తెచ్చాం," అన్నాను.

"ఖాకీ అమ్మా, ఖాకీ! పోలీసు బట్టలు!"

ముందుగా నవ్వింది మామగారే. ఆయన్ని కొరకొరా చూశాను గానీ నాకూ నవ్వాగలేదు. అత్తగారి ముఖం చూశాకే ఆగింది. ఎందుకంటే హెడ్డుగుమాస్తా అప్పటికే ఆ కోపంలో కానిస్టేబులు వేషం అకౌంటెంటుకి ఇచ్చేశాడు. కాకిని పారెయ్యడం ఇష్టంలేక, "నువ్వు గోడమీద కూర్చో. నోరు మెదిపావో, ఊరుకోను," అన్నాడు. నోరు మెదపొద్దని మా మరిదికి చెప్పాలా! నాకు ఒళ్లు మండింది.

నాటకం రోజు హాలు కిక్కిరిసింది. దొంగ పెట్టె ఎత్తుకున్నాడు. గోనెసంచుల ఖాకీలో అకౌంటెంటు దర్జాగా వచ్చి, చెయ్యెత్తి, బిగుసుకుపోయాడు. తెర పక్కనుంచి హెడ్డుగుమాస్తా మాట ఎంత అందించినా ఆయన చెవికెక్కలేదు. పాపం, దొంగ కాసేపు చూసి, "మరి నేను వెళ్లనా?" అని అడిగాడు. జనం ఇకిలించారు. అత్తగారు తల దించుకున్నారు.

అప్పుడు గోడమీద రెక్కలు విచ్చుకున్నాయి. లైట్ల వెలుగులో మామగారి పక్కటెముకలు తళతళలాడాయి.

"కదలకు! నేనంతా చూశాను!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. దొంగ చేతిలో పెట్టె దబ్బున పడింది. కానిస్టేబులు కూడా చేతులెత్తేశాడు. హాలంతా ఈలలు. గరాటు ముక్కు చాటున ముఖం కనపడకపోవడం వల్లే మరిదికి ధైర్యం వచ్చిందని మామగారు ఏదో చెప్పబోయారు గానీ, వినడానికి అత్తగారు కుర్చీలో లేరు. లేచి నిలబడి, వెనక వరసల వైపు తిరిగి, ఏడుస్తూనే అరుస్తున్నారు.

"ఆ కాకి మా అబ్బాయే!"